మాత్రల తయారీలో నడుమ తనిఖీలు: పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ప్రశ్న: మాత్రల కంపెనీలో ఐపీక్యూఏ (తయారీ నడుస్తుండగా నాణ్యత చూసే) విభాగంలో కొత్తగా చేరాను. పొడిని నొక్కి మాత్రలు చేసే కంప్రెషన్ మెషీన్ దగ్గర అరగంటకోసారి 20 మాత్రలు కలిపి తూచి రాస్తున్నాం. ప్రతిసారీ బరువు సరిపోతూనే ఉంది. అయినా బ్యాచ్ అయ్యాక కొన్ని మాత్రలు బాగా తక్కువ బరువుతో దొరికాయి. ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: 20 మాత్రలు కలిపి తూస్తే సగటు ఒక్కటే తెలుస్తుంది. ఒక మాత్ర 40 మి.గ్రా. తగ్గి ఇంకోటి 40 పెరిగితే మొత్తం బరువు కదలదు. విడివిడిగా తూచే చెక్ తప్పనిసరిగా ఉండాల్సింది ఇందుకే.

మందుల నాణ్యతా ప్రమాణాల అధికారిక గ్రంథం ఇండియన్ ఫార్మకోపియా ప్రకారం సగటు బరువు 80 మి.గ్రా. లేదా అంతకు తక్కువైతే 10 శాతం, 80 దాటి 250 లోపు అయితే 7.5 శాతం, 250 నుంచి పైకి 5 శాతం తేడా ఒప్పుకుంటారు. సగటు 580 మి.గ్రా. ఉన్న మాత్రనే తీసుకోండి: హద్దులు 551, 609. ఇరవైలో రెండుకు మించి ఈ హద్దులు దాటకూడదు. ఏ ఒక్కటీ 522 కంటే తగ్గకూడదు, 638 కంటే పెరగకూడదు. తయారీ జరిగే ఫ్లోర్ మీద మాత్రం ఇంతకంటే బిగువైన హద్దులు పెట్టుకోవాలి. ఫార్మకోపియా హద్దు తాకేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైపోతుంది.

ఇక శాంపిల్ సంగతి. మీది డబుల్ రోటరీ (ఒక చుట్టులో రెండుసార్లు మాత్రలు నొక్కే మెషీన్) అయితే మాత్రలు రెండు వైపుల నుంచి పడతాయి, రెంటికీ ఫిల్లింగ్ సెట్టింగు వేరు. రెండూ ఒకే ట్రేలో కలిపి తీస్తే ఎడమవైపు తగ్గింది కుడివైపు పెరుగుదలలో దాక్కుంటుంది. ఏ వైపు శాంపిల్ ఆ వైపుకే తీయండి, విడిగానే రాయండి. పైగా 45 స్టేషన్ల మెషీన్‌లో (స్టేషన్ అంటే ఒక అచ్చు, దాని పంచ్‌ల జత) ఒక్క లోయర్ పంచ్, అంటే కింది నొక్కుడు కడ్డీ, డైలో (మాత్ర అచ్చులో) బిగుసుకుపోయినా ఆ స్టేషన్ మాత్ర ఒక్కటే తేడా వస్తుంది. మీరు తీసే ఇరవైలో అది లేకపోయే అవకాశమే సగానికి మించి ఉంటుంది. కాబట్టి బ్యాచ్ మొదలెట్టేటప్పుడు మెషీన్‌ను నెమ్మదిగా తిప్పుతూ, రెండు వైపులా ఒక్కో పూర్తి రౌండు మాత్రలను వరుస తప్పకుండా తీసి ఒక్కొక్కటీ తూచండి.

బ్యాచ్ చివర్లో బరువు తగ్గడానికి తరచూ హాపరే (సరుకు పోసే గరాటే) కారణం. గ్రాన్యూల్స్ (మాత్రగా నొక్కే మందు గింజలు) మట్టం పడిపోయాక, వాటిని డైలోకి నింపే ఫీడర్ మీద ఒత్తిడి తగ్గి డై సరిగా నిండదు. సన్నపొడి వేరుపడి అడుగున మిగిలితే ఇంకా ఇబ్బంది. హాపర్‌లో ఏ మట్టానికి మెషీన్ ఆపాలో ముందే గుర్తు పెట్టి, ఆ చివరి సరుకును తప్పక తూచాలి.

ప్రశ్న: మాత్ర పైభాగం టోపీలా ఊడొస్తోంది. హార్డ్‌నెస్ (మాత్ర గట్టిదనం) పెంచితే ఇంకా ఎక్కువైంది. ఏం చేయాలి?
– మెషీన్ ఆపరేటర్, పరవాడ

జవాబు: దీన్నే క్యాపింగ్ అంటారు. గ్రాన్యూల్స్ మధ్య చిక్కిన గాలి బయటికి పోయే వ్యవధి లేకపోతే, పంచ్ లేవగానే ఆ గాలి వ్యాకోచించి పొరను లేపుతుంది. ఒత్తిడి పెంచితే సమస్య ముదురుతుంది. ముందు వేగం తగ్గించండి, ప్రీ-కంప్రెషన్ (అసలు నొక్కుడుకు ముందు ఇచ్చే తేలిక నొక్కుడు) పెంచండి. అప్పటికీ ఊడుతుంటే గ్రాన్యూల్స్ తేమ చూడండి, మరీ ఎండినా అతుక్కోవు. సన్నపొడి ఎక్కువైందా, డై లోపల ఒత్తిడి పడే చోట అరిగి గాడి పడిందా అన్నవి ఆ తర్వాత. అతుక్కోకుండా కలిపే మెగ్నీషియం స్టియరేట్ పొడి వేశాక బ్లెండర్ ఎక్కువసేపు తిప్పడం కూడా కారణమే. అది గింజల మీద పూతలా పరుచుకుని మాత్రను మెత్తబరుస్తుంది, నీళ్లలో కరగడాన్ని ఆలస్యం చేస్తుంది.

సరిచేశాక హార్డ్‌నెస్ చూసి వదిలేయకండి, ఫ్రయబిలిటీ (డ్రమ్ములో తిప్పితే మాత్ర ఎంత రాలుతుందో చూసే పరీక్ష) చేయండి. 580 మి.గ్రా. మాత్రలైతే 11 తీసుకుంటే అవసరమైన 6.5 గ్రాములకు దగ్గరగా వస్తాయి. దుమ్ము దులిపి తూచి, నిమిషానికి 25 చొప్పున 100 చుట్లు తిప్పి, మళ్లీ దులిపి తూచాలి. 6.380 గ్రాములు 6.330 అయితే నష్టం 0.78 శాతం, ఒక శాతం లోపే కాబట్టి సరే. కానీ ఒక్క మాత్ర పగిలినా, పొర లేచినా అంకె ఎంతున్నా ఫెయిలే.

ప్రశ్న: ఒక చెక్ ఫెయిలైతే ఎంత సరుకు పక్కన పెట్టాలి?
– ఒక పాఠకురాలు, పటాన్‌చెరు

జవాబు: అంతకుముందు సరిగా వచ్చిన చెక్ నుంచి ఇప్పటిదాకా తయారైనదంతా. ఫెయిలైన డబ్బా ఒక్కటే పక్కన పెట్టి లైను నడిపించడం పెద్ద తప్పు. 45 స్టేషన్ల డబుల్ రోటరీ నిమిషానికి 40 చుట్లు తిరిగితే 3,600 మాత్రలు, అరగంటకు 1,08,000. మెటల్ డిటెక్టర్‌దీ ఇదే లెక్క: ఇనుము, ఇతర లోహం, స్టెయిన్‌లెస్ స్టీల్ టెస్ట్ ముక్కల్లో ఒక్కదాన్ని వదిలేసినా, అంతకుముందు మూడింటినీ పట్టుకున్న సమయం నుంచి వచ్చిన మాత్రలన్నీ బాగైన డిటెక్టర్ గుండా మళ్లీ పంపాలి. అందుకే ప్రతి డబ్బా మీద నిండిన సమయం రాసి ఉండాలి, లేకపోతే బ్యాచ్ మొత్తం ఆపాల్సి వస్తుంది. మెషీన్ ఆపి మళ్లీ తిప్పినప్పుడు, సెట్టింగు మార్చినప్పుడు తొలి గంట పావుగంటకోసారి తూచండి. అనుమానపు సరుకు 54,000కు దిగుతుంది.