తేజ్‌గావ్ లారీ స్టాండులో చిక్కుకున్న మేయర్

"వ్యాపారంలో పైకొచ్చినవాళ్లు రాజకీయాల్లోకి వస్తే పాలన బాగుపడుతుందా? బంగ్లాదేశ్ పార్లమెంటు నిండా వ్యాపారులే అంటారు, అక్కడ ఒక్కరైనా చేసి చూపించారా?" అన్నది ప్రశ్న.

ఒకాయన చేసి చూపించారు. పేరు అనీసుల్ హక్. ఢాకా ఉత్తర నగరానికి 2015 నుంచి 2017 దాకా మేయర్. అప్పుడు నేను ఆ ఊళ్లోనే ఉన్నాను కాబట్టి కళ్లతో చూసిందే చెప్తాను.

చిలకలూరిపేట దగ్గరి ఒక స్పిన్నింగ్ మిల్లు తరఫున నేను అక్కడ నూలు అమ్మేవాణ్ని. మన గుంటూరు పత్తితో తీసిన నూలు అప్పట్లో బేనాపోల్ సరిహద్దు దాటి గాజీపూర్, నారాయణ్‌గంజ్ ఫ్యాక్టరీలకు చేరి, టీషర్టులై యూరప్‌కి పోయేది. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు. మన పేపర్లకు బంగ్లాదేశ్ అంటే క్రికెట్, వరదలు, గొడవలు, అంతే. మన పత్తి, మన మిర్చి కొనే దేశం గురించి లోపలి పేజీలో కూడా నాలుగు వాక్యాలు రాయరు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మా ఆఫీసు ఢాకాలోని తేజ్‌గావ్ పారిశ్రామిక వాడలో, నాలుగో అంతస్తులో ఉండేది. సాత్ రాస్తా నుంచి రైల్వే గేటుకు వెళ్లే రోడ్డు మా కిటికీలోంచి కనిపించేది. సాత్ రాస్తా అంటే మన కడపలో, శ్రీకాకుళంలో ఉన్నట్టే ఏడు రోడ్ల కూడలి. ఆ రోడ్డు చాలా వెడల్పైనది, కానీ నేను వెళ్లిన కొత్తలో నాకు ఆ సంగతే తెలియలేదు. రెండు పక్కలా లారీలు, కవర్డ్ వ్యాన్లు వరసలు వరసలుగా ఆగి ఉండేవి. వాటి మధ్యే టైర్లు విప్పేవాళ్లు, వెల్డింగ్ చేసేవాళ్లు, టీ కొట్లు. మిగిలిన సందులోంచి రిక్షాలూ కార్లూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోవాలి. చీకటి పడ్డాక మా ఆఫీసు ఆడపిల్లలు అటు నడిచేవాళ్లు కాదు.

"ఇది మారదు దాదా" అనేవాడు మా ఆఫీసు కుర్రాడు. ఇండియా నుంచి వచ్చినవాళ్లను అక్కడ చాలామంది దాదా అని పిలుస్తారు, మేం వాళ్లను భాయ్ అంటాం. లారీల వెనక యూనియన్, యూనియన్ వెనక యజమానులు, వాళ్ల వెనక పెద్దవాళ్లు అని వాడు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేవాడు.

2015 నవంబర్ 29, ఆదివారం. అక్కడ సెలవులు శుక్ర, శనివారాలు, ఆదివారం మామూలు పనిరోజే. గాజీపూర్‌లో నూలు కొనే ఒక పార్టీకి ముప్పై కౌంటు నూలు చూపించాలి. కోన్లు సంచిలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే కింద వాచ్‌మన్ గబగబా గేటు వేసేస్తున్నాడు. మేయర్ స్వయంగా వచ్చి లారీలు తీయిస్తున్నారట. డ్రైవర్లు తిరగబడ్డారు. నేను మళ్లీ పైకి పరిగెత్తాను. కిటికీలోంచి చూస్తే ఇటుక ముక్కలు ఎగురుతున్నాయి, పోలీసులు వెనక్కీ ముందుకీ కదులుతున్నారు, ఒక్కో దుకాణం షట్టర్ పడిపోతోంది. కాసేపటికి టీవీలో చెప్పారు, మేయర్ డ్రైవర్ల యూనియన్ ఆఫీసులో ఉన్నారని, చుట్టూ జనం కమ్ముకోవడంతో బయటికి రాలేకపోతున్నారని.

గంటల తరబడి అదే పరిస్థితి. మేం ఆఫీసులో దీపాలు ఆర్పేసి కూర్చున్నాం. గాజీపూర్ పార్టీ ఫోన్ మీద ఫోన్. ఇంట్లోవాళ్లకు చెప్తే టెన్షన్ పడతారని నేను గుంటూరుకు ఫోన్ చేయలేదు. మా కుర్రాడు మాత్రం టీవీ ముందు నుంచి కదల్లేదు. "ఇంత డబ్బున్నాయన, ఆయనకేం ఖర్మ దాదా, ఎవరినైనా పంపొచ్చు కదా" అని పదే పదే అన్నాడు. ఆ మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. సాయంత్రానికి ఆయన బయటికి వచ్చారు. స్టాండు ఎత్తేయాల్సిందే అన్న మాట మాత్రం మార్చలేదు. కొన్నాళ్లకు ఆ రోడ్డు నిజంగానే ఖాళీ అయింది. మొదటిసారి దాని వెడల్పు చూసి నేను చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడ్డాను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. వ్యాపారి కాబట్టే ఆయన ఇదంతా చేశారని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అక్కడి పార్లమెంటులో అప్పట్లో సగానికి పైగా వ్యాపారులే, వాళ్లలో బట్టల ఫ్యాక్టరీల యజమానులూ ఉన్నారు. బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1100 మందికి పైగా చనిపోయింది 2013లో. ఆ తర్వాత పెంచిన కనీస వేతనం కూడా 2018 దాకా నెలకు 5300 టాకాల దగ్గరే ఆగింది. సభ నిండా వ్యాపారులుండటం వల్ల కుట్టుమిషన్ ముందు కూర్చున్న అమ్మాయికి ఒరిగిందేమీ లేదు. ఎక్కువమంది వ్యాపారులు రాజకీయాల్లోకి వచ్చేది తమ వ్యాపారాన్ని కాపాడుకోవడానికే. ఇందులో నాకు అనుమానమే లేదు.

అనీసుల్ హక్ దారి వేరు. జనానికి ఆయన ముందు తెలిసింది ఫ్యాక్టరీ యజమానిగా కాదు, ప్రభుత్వ టీవీ అయిన బీటీవీలో కార్యక్రమాలు నడిపే మనిషిగా. ఎదుటివాడు చెప్పేది వినడం, వెంటనే తిరిగి ప్రశ్న వేయడం ఆయనకు అక్కడే వచ్చిందని నా నమ్మకం. 1986లో మొహమ్మదీ గ్రూప్ పెట్టారు. తర్వాత దుస్తుల తయారీదారుల సంఘం బీజీఎంఈఏకి, ఆపైన దేశంలోని వ్యాపారులందరి సమాఖ్యకీ అధ్యక్షుడయ్యారు. సంఘం నడపడమంటే ఒకరి పొడ ఒకరికి గిట్టని యజమానులను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టడం. మేయర్‌గా ఆయనకు పనికొచ్చింది ఆ అలవాటే. లాభనష్టాల లెక్క కాదు.

ఎన్నిక గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. 2015 ఏప్రిల్ 28న పోలింగ్. అప్పట్లో అధికారంలో ఉన్న అవామీ లీగ్ మద్దతుతో ఆయన టేబుల్ గడియారం గుర్తు మీద నిలబడ్డారు. రిగ్గింగ్ జరుగుతోందని, ప్రత్యర్థి పార్టీ బీఎన్‌పీ మద్దతున్న తబిత్ అవాల్ మధ్యాహ్నానికే తప్పుకున్నారు. ఆ మచ్చ ఉంది. తబిత్ కూడా పెద్ద వ్యాపారి కొడుకే, కాబట్టి ఎవరు గెలిచినా ఆ కుర్చీలో కూర్చునేది వ్యాపారుల ఇంటి మనిషే.

నాకు ఆయన మీద గౌరవం ఎక్కువైంది బస్సుల విషయంలో. ఢాకాలో బస్సు ఎక్కినవాళ్లకే ఆ నరకం తెలుస్తుంది. చాలా బస్సుల్లో యజమానికి రోజుకింత అని కట్టేయాలి, మిగిలిందే డ్రైవరుకూ కండక్టరుకూ. అందుకే ఒకే రూట్లో రెండు బస్సులు పోటీపడి, జనం కోసం ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోతాయి. మనకు ఆర్టీసీ ఉంది కాబట్టి ఆ బాధ తెలియదు. ఆర్టీసీ నష్టాల్లో ఉంది, అమ్మేయండి అని తేలిగ్గా మాట్లాడేవాళ్లను ఒక్క వారం మీర్‌పూర్ నుంచి మోతీజీల్‌కు బస్సులో తిప్పాలి. డ్రైవరుకు నెల జీతం ఇవ్వడంలో ఎన్ని ప్రాణాలున్నాయో అప్పుడు తెలుస్తుంది.

ఆ పోటీని ఆపాలని అనీసుల్ హక్ యజమానులందరినీ కూర్చోబెట్టి, బస్సులన్నిటినీ కొద్ది కంపెనీల కిందికి తెచ్చి, నాలుగు వేల కొత్త బస్సులు దింపాలని ప్రయత్నించారు. గుల్షన్‌లో ఢాకా చాకా అనే ఏసీ బస్సులు 2016లో మొదలయ్యాయి. వాటికోసం ఢాకా జనం వరసలో నిలబడటం నేను చూశాను.

2017 జూలై చివర్లో కుటుంబం కోసం లండన్ వెళ్లిన మనిషి అక్కడే జబ్బుపడ్డారు. నవంబర్ 30న చనిపోయారు. తేజ్‌గావ్ గొడవ జరిగిన రెండేళ్ల మీద ఒక్క రోజుకు. ఆర్మీ స్టేడియంలో జరిగిన అంత్యక్రియల నమాజుకు మా కుర్రాడు వెళ్లాడు. ఆ రోడ్డుకు ఇప్పుడు ఆయన పేరే. 2019లో పని మీద మళ్లీ వెళ్లినప్పుడు చూశాను, కవర్డ్ వ్యాన్లు మళ్లీ అంచుల వెంట వచ్చి చేరాయి. ఆయన కుర్చీలోకి ఆ ఏడాది ఇంకో బీజీఎంఈఏ మాజీ అధ్యక్షుడు అతీకుల్ ఇస్లామ్ వచ్చారు. అదే సంఘం, అదే వ్యాపారం. అందుకే చెప్తున్నాను, అర్హత వ్యాపారంలో లేదు.

బస్సుల పని అక్కడే నిలిచిపోయింది. 2018 జూలై 29న ఎయిర్‌పోర్ట్ రోడ్డులో పోటీపడుతున్న బస్సు కిందపడి ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. స్కూలు పిల్లలు వేలమంది రోడ్ల మీదికి వచ్చారు. ఆ వార్త నేను గుంటూరులో చదివి అన్నం తినలేకపోయాను. ఆయన ఇంకో రెండేళ్లు ఉండి ఉంటే ఆ పిల్లలు బతికేవాళ్లని నేను ఇప్పటికీ నమ్ముతాను.

2021 డిసెంబర్ 26న ఢాకా నగర్ పరిబహన్ పేరుతో ఒక్క రూట్లో, ఘాటార్‌చర్ నుంచి కాంచ్‌పూర్ వరకు, అనీసుల్ హక్ అనుకున్న పద్ధతిలో బస్సులు మొదలుపెట్టారు. మా కుర్రాడు ఆ రోజే వాట్సాప్‌లో ఫొటో పంపాడు. "దాదా, బస్సు వచ్చింది" అని రాశాడు. నువ్వు ఎక్కావా అని అడిగాను. వాడుండేది మీర్‌పూర్‌లో. ఆ బస్సు మీర్‌పూర్ వెళ్లేది కాదు.