మైక్ అటకెక్కిస్తే ర్యాప్ ఆగుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. తమిళ ర్యాపర్ యోగి బీ లాగా తెలుగులో పేరు తెచ్చుకుంటాడట. బీటెక్ వద్దు, హైదరాబాద్‌లో మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమా చేస్తానంటున్నాడు. మావారు వాడి మైక్ తీసి అటక మీద పెట్టేశారు. వాడు పాటలు రాసుకున్న నోట్‌బుక్ వాడిని అడక్కుండా నేను మా అన్నయ్యకు చూపిస్తే నవ్వాడు. బీటెక్, డిప్లొమా రెండింట్లో ఏది మంచిది?
- ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సు గురించే గానీ, మీ టెన్షన్ వేరే. పిల్లాడు చెడిపోతాడేమో, చుట్టాలు అడిగితే ఏం చెప్పుకోవాలి అని. ర్యాప్ అంటే బూతులూ మత్తూ అనుకునే తల్లిదండ్రులు నా దగ్గరికి చాలామంది వస్తారు. ముందు మీవాడు అభిమానించే మనిషి ఎవరో తెలుసుకోండి.

యోగి బీ మలేషియా తమిళుడు. 1990లలో కౌలాలంపూర్‌లో ‘పోయెటిక్ ఆమ్మో’ అనే బృందంతో మొదలుపెట్టాడు. వాళ్ల మొదటి ఆల్బమ్ 1998లో వస్తే, తమిళ ర్యాప్‌కు దారి వేసిన అతని ‘వల్లవన్’ ఆల్బమ్ 2006లో వచ్చింది. మధ్యలో ఎనిమిదేళ్లు! ‘వల్లవన్’లో అందరి నోళ్లలో నానిన పాట, ఇళయరాజా 1980లో ‘నిళల్గళ్’ సినిమాకు చేసిన, మన బాలుగారు పాడిన ‘మడై తిరందు’ మీద కట్టిందే. పాత పాటను ప్రేమించి, దాని మీద సొంత మాటలు పేర్చినవాడిని చూసి మీరు భయపడుతున్నారు. ఆ తర్వాత 2012లో ‘హిప్ హాప్ తమిళన్’ ఆల్బమ్ తెచ్చిన కోయంబత్తూరు కుర్రాడు ఆది 2016లో మన ‘ధ్రువ’కు సంగీతం ఇచ్చాడు. అతను ఇంజనీరింగ్ చదివినవాడే.

నా అనుమానమంతా ఆ డిప్లొమా మీదే. రికార్డింగ్, మిక్సింగ్ ఉద్యోగం కావాలనుకునేవాడికి అది పనికొస్తుంది. మీవాడికి కావాల్సింది రాత, ఊపిరి, లయ. సాఫ్ట్‌వేర్ ఇంట్లో లాప్‌టాప్ మీదే నేర్చుకోవచ్చు. స్టూడియో ఫొటోలు చూసి లక్షలు కట్టొద్దు. పాఠం చెప్పేది ఎవరు, పాత విద్యార్థులు ఏ పాటలు విడుదల చేశారు, మధ్యలో మానేస్తే ఫీజు వెనక్కిస్తారా? ఈ మూడూ అడగండి. జవాబు నసిగితే లేచి వచ్చేయండి. లయ కోసమైతే హైదరాబాద్ దాకా ఎందుకు? బాలమురళీకృష్ణగారు ప్రిన్సిపాల్‌గా చేసిన ప్రభుత్వ సంగీత కళాశాల మన ఊళ్లోనే ఉంది. వెళ్లి మృదంగం క్లాసుల గురించి కనుక్కోండి.

ఇక ఆ నోట్‌బుక్. పిల్లాడు దాచుకున్న రాతను అడక్కుండా తీసి ఇంకొకరి చేత నవ్వించడం చాలా తప్పమ్మా. ఇకమీదట వాడు మీకేం చూపిస్తాడు? వాడికి క్షమాపణ చెప్పండి. మైక్ ఈరోజే కిందికి దించమనండి. పబ్లిక్ పరీక్షలయ్యే దాకా వారంలో ఎన్ని గంటలు పాటకో మీరూ వాడూ కూర్చుని మాట్లాడుకోండి.

డిగ్రీ మాత్రం చేయాల్సిందే. బీటెక్కే కానక్కర్లేదు. ఇష్టమైతే బీఏ తెలుగులో చేర్చండి, రాతకు అదే బలం. బీటెక్ అయితే ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ చూడండి, సాయంత్రాలు మిగులుతాయి.

ఒక్క జాగ్రత్త. వాడికి 18 నిండేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వొద్దు. ఆ తర్వాత కూడా మీవారు చదివాకే. సినిమాకు రాసినా, ఆల్బమ్‌కు రాసినా పాట రచయితకు రాయల్టీలో, అంటే పాట వాడుకున్నందుకు వచ్చే డబ్బులో, వాటా ఉంటుందని 2012 కాపీరైట్ సవరణ చెబుతోంది. దాన్ని కంపెనీకి రాసిచ్చేసే షరతు ఉంటే ఒప్పుకోవద్దు. ఫ్రీ అని నెట్‌లో దొరికే బీట్ల (ర్యాప్ వెనక వినిపించే సంగీతం) మీద పాట చేసి అమ్మే ముందు, వాటి లైసెన్స్‌లో ఏముందో వాడినే చదివి మీకు వివరించమనండి.