ఓడలరేవు ఇసుకలో టెంటు మేకులు నిలవకపోతే

కోనసీమ తీరంలోని ఓడలరేవుకు బైక్ మీద ఒక్కరే వెళ్లి టెంటు వేస్తే మేకులు ఊడిపోతున్నాయని, అవి పొట్టివేమోనని అడిగారు. మేకులు పొట్టివై కాదు, పొడి ఇసుకలో నిలువుగా దిగేయడం వల్ల ఊడుతున్నాయి. ఓడలరేవు ఒడ్డున పై ఇసుక పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. రాత్రి గాలికి రెండుసార్లు లేచి మళ్లీ కొట్టానన్నారు కదా, పదిసార్లు కొట్టినా అంతే. మేకులు పక్కన పెట్టేయండి.

1. టెంటు తాడుకొక కొబ్బరి డొక్క (కాయ ఒలిచిన పీచు తొక్క) తీసుకోండి. కోనసీమలో వాటికి కరువు లేదు. లేదంటే ఇసుక నింపిన సంచి.

2. మూరెడు లోతు గొయ్యి తీసి, డొక్క నడుముకు తాడు కట్టి, తాడుకు అడ్డంగా పడుకోబెట్టండి.

3. అందరూ మరిచిపోయేది ఇదే: తాడు గొయ్యిలోంచి నిటారుగా పైకి రాకూడదు. టెంటు వైపు ఏటవాలుగా చిన్న గాడి తవ్వి, అందులోంచి తీయండి. నిటారుగా ఉంటే గాలి లాగినప్పుడు డొక్క పైకి లేచి వచ్చేస్తుంది. ఏటవాలుగా ఉంటే ముందున్న ఇసుకంతా దాన్ని ఆపుతుంది. డొక్క తేలికని భయం వద్దు, ఇక్కడ పనిచేసేది దాని బరువు కాదు.

4. ఇసుక కప్పి, నీళ్లు పోసి, మడమతో గట్టిగా తొక్కండి.

బైక్ సైడ్ స్టాండ్ ఇసుకలో దిగిపోకుండా కింద చెక్క ముక్క పెట్టండి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, అలలు వదిలిన చెత్త గీతకు బాగా పైన టెంటు వేయండి. ఒక్కరే వెళ్తున్నారు కాబట్టి, దగ్గర్లోని చేపల వేటకారులకు ఒక మాట చెప్పి పడుకోండి.