ఆగిన ఎయిడ్ కోసం అప్పీల్: మేనల్లుడికి అత్త రాసిన ఉత్తరం

చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. నీ చదువుకు అందే ఆర్థిక సాయం, అదే ఎయిడ్, ఆపేశామని కాలేజీ నుంచి మెయిల్ వచ్చి మూడు వారాలైందని, అన్నాళ్లూ నువ్వు ఎవరికీ చెప్పకుండా మనసులోనే పెట్టుకుని తిరిగావని విన్నాక నాకు నిద్ర పట్టలేదు. సరే, ఆ మూడు వారాలు పోతే పోయాయి. మళ్లీ ఇవ్వమని అప్పీల్ పెట్టడానికి గడువు ఇంకా ఉంది. నేను ఇరవై ఏళ్లకు పైగా ఒక కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో పనిచేశాను. అందులో చాలా ఏళ్లు అప్పీళ్లు చదివే కమిటీలో ఉన్నాను. బల్లకు అవతలి వైపు కూర్చున్నవాళ్లు నీ కాగితంలో ఏం వెతుకుతారో నాకు తెలుసు.

ముందు ఆ మెయిల్ మళ్లీ చదువు. అందులో ‘సస్పెన్షన్’ అన్న మాట చూసి కాలేజీ నుంచి తీసేశారనుకున్నావట. అది ఎయిడ్‌కు సంబంధించిన మాట. కాలేజీలో నీ సీటు సంగతి చూసేది వేరే ఆఫీసు, దాని ఉత్తరం వేరేగా వస్తుంది. నీకు అలాంటిది రాలేదు కాబట్టి నువ్వు ఇప్పటికీ అక్కడ విద్యార్థివే. ఆగింది డబ్బు మాత్రమే. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి నీకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు (తిరిగి కట్టక్కర్లేనిది), ఫెడరల్ లోను వచ్చాయి. వాటిని నిలబెట్టుకోవడానికి ఫెడరల్ చట్టం ఒక షరతు పెట్టింది: చదువు తగినంతగా ముందుకు సాగుతూ ఉండాలి. దాన్నే ఆఫీసులో అందరూ ‘శాప్’ (సాటిస్‌ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్) అంటారు.

శాప్‌లో చూసేవి మూడు. ఒకటి జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, చాలా కాలేజీల్లో 2.0 ఉండాలి. రెండోది నువ్వు తీసుకున్న క్రెడిట్లలో ఎన్ని పూర్తి చేశావన్నది, సాధారణంగా 67 శాతం. మూడోది డిగ్రీకి పట్టే మొత్తం, 120 క్రెడిట్ల డిగ్రీకి 180 క్రెడిట్లు దాటకూడదు. మూడోదానితో నీకు ఇప్పుడు పని లేదు.

మీ నాన్న పంపిన ట్రాన్‌స్క్రిప్టు ముందు పెట్టుకుని లెక్క వేశాను. మొదటి సెమిస్టర్‌లో 15 తీసుకుని 15 పూర్తి చేశావు. రెండో సెమిస్టర్‌లో 15 తీసుకున్నావు. నాయనమ్మ పోయినప్పుడు వెళ్లిన ఊరి నుంచి తిరిగొచ్చాక మూడు క్లాసులు మానేశావు, అంటే 9 క్రెడిట్లకు ‘డబ్ల్యూ’ (విత్‌డ్రా, మధ్యలో మానేసినట్టు గుర్తు). ఒకటి తప్పావు, ఒకటి గట్టెక్కావు. మొత్తం 30కి 18, అంటే 60 శాతం. డబ్ల్యూ వల్ల జీపీఏ తగ్గదు కాబట్టి దానికి ఏమీ కాదని నీకెవరో స్నేహితుడు చెప్పాడట. సగం నిజం. జీపీఏకు ఏమీ కాదు, నీది 2.4 దగ్గరే ఉంది. కానీ శాప్ లెక్కలో డబ్ల్యూ అంటే తీసుకుని పూర్తి చేయని క్రెడిట్. తప్పిన క్లాసూ అంతే. నిన్ను దెబ్బతీసింది ఆ పూర్తి చేసిన శాతమే, అదొక్కటే. ఈ మాట నీ అప్పీల్లో స్పష్టంగా ఉండాలి. ఏ కొలతలో తప్పావో నీకే తెలియకపోతే, దాన్ని సరిదిద్దుకుంటావని చదివేవాళ్లు ఎలా నమ్ముతారు?

ఇక ఉత్తరం. నిబంధనల్లో అప్పీలుకు చెప్పిన కారణాలు బంధువు మరణం, విద్యార్థికి జబ్బు లేదా గాయం, అలాంటి ఇతర ప్రత్యేక పరిస్థితులు. నీ ఉత్తరం రెండు ప్రశ్నలకు జవాబివ్వాలి: ఎందుకు తప్పింది, ఇప్పుడు ఏం మారింది. నేను చదివిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మొదటి ప్రశ్నకు మూడు పేజీలు రాసి, రెండోదానికి ‘ఇకమీదట కష్టపడి చదువుతాను’ అన్న ఒక్క వాక్యంతో ముగిసేవి. కన్నీళ్లు పెట్టించే ఉత్తరాలు కూడా ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయేవి. మాకు మనసు కరగక కాదు చిన్నా. ఏం మారిందో ఫైలులో లేకుండా ఎయిడ్ తిరిగి ఇచ్చే అధికారం మాకు ఉండేది కాదు.

మొదటి ప్రశ్నకు జవాబులో నాయనమ్మ గురించి రాయాలి. నాకు తెలుసు, నీకది కష్టం. నాకూ అమ్మ అన్న మాట రాయాలంటే ఇంకా చెయ్యి ఆగుతోంది. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. ఇంగ్లీషులో ‘గ్రాండ్‌మదర్’ అని రాస్తే, ఏడాదికోసారి పండగకు కలిసే ముసలావిడ అనుకునే ప్రమాదం ఉంది. ఎనిమిదేళ్లు వచ్చేదాకా నిన్ను పెంచింది ఆవిడేనని, మీ అమ్మానాన్నలు ఇక్కడ నిలదొక్కుకునేదాకా నీకు అన్నం పెట్టి బడికి పంపింది ఆవిడేనని రెండు వాక్యాల్లో చెప్పు. ఫిబ్రవరిలో పోయిందని, నాన్నతో కలిసి వెళ్లావని, ఐదు వారాలు ఉన్నావని తేదీలతో రాయి. పన్నెండు రోజుల కర్మలు కుటుంబంలో తప్పనిసరి అని ఒక్క ముక్క చాలు. తిరిగొచ్చాక నిద్ర పట్టక, క్లాసులో కూర్చోలేక పోయిన రోజుల గురించి కూడా రాయి. నీ తేదీలూ ట్రాన్‌స్క్రిప్టులో డబ్ల్యూ పడిన తేదీలూ ఒకదానికొకటి సరిపోవాలి, ఎందుకంటే చదివేవాళ్లు పక్కపక్కన పెట్టుకునే చూస్తారు. గట్టెక్కించని ప్రొఫెసర్ మీద ఫిర్యాదు మాత్రం ఇందులో వద్దు. అది న్యాయమైనదే అయినా ఇక్కడ నీకు ఉపయోగపడదు.

రెండో ప్రశ్నకు నీ దగ్గర మంచి జవాబే ఉంది, నీకు తెలియడం లేదంతే. మే నెల నుంచి కాలేజీ కౌన్సెలర్ దగ్గరకు వెళుతున్నావు. వేసవిలో రాత్రి షిఫ్టు మానేశావు. ఇవి రాయి. తర్వాత అడ్వైజర్‌తో కూర్చుని వచ్చే సెమిస్టర్‌కు ఏ క్లాసులు తీసుకోవాలో ఖాయం చేసుకుని, ఆ లెక్కను ఉత్తరంలోనే పెట్టు. ఉదాహరణకు ఇలా: ‘తప్పిన క్లాసుతో కలిపి 12 క్రెడిట్లు తీసుకుంటున్నాను. అన్నీ పూర్తయితే 42కి 30, అంటే 71 శాతం అవుతుంది.’ ఒక్క సెమిస్టర్‌లో మళ్లీ గీత పైకి వస్తావని అంకెల్లో కనబడుతుంది. కమిటీలో ఉన్నప్పుడు ఇలాంటి వాక్యం ఉన్న ఉత్తరం చేతికొస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. 9 తీసుకున్నా 39కి 27, 69 శాతం. అయితే అప్పుడు పెల్ గ్రాంటు నాలుగింట మూడొంతులే వస్తుంది. పోగొట్టుకున్నదంతా ఒకేసారి రాబట్టాలని 18 తీసుకుని అందులో రెండు క్లాసులు తప్పావనుకో, 48కి 30, 62 శాతం దగ్గర మళ్లీ మునుగుతావు. ఆ ఆశ పెట్టుకోకు.

కాగితాల విషయం. పనిలో చేరిన కొత్తలో ఒక అమ్మాయి నాలుగు వరుసల ఉత్తరం పెట్టింది, తల్లి ఆసుపత్రిలో ఉందని. ఆధారం లేదని తిప్పి పంపాం. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఫోన్ చేసి ఏ కాగితం తేవాలో చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధపడతాను. నీ విషయంలో ఎవరూ ఫోన్ చేసి అడిగే పరిస్థితి రానివ్వకు. నాయనమ్మ మరణ ధ్రువపత్రం, మీ విమాన టికెట్లు, కౌన్సెలర్ ఇచ్చే చిన్న లేఖ పెట్టు. కౌన్సెలర్ లేఖలో ఏ తేదీ నుంచి వస్తున్నావో, చదువు కొనసాగించగలవో లేదో ఉంటే చాలు, నువ్వు ఆ గదిలో చెప్పుకున్నవి ఎవరికీ అక్కర్లేదు. ఇంకొకటి ఎవరూ చెప్పనిది: ధ్రువపత్రంలో నాయనమ్మ పేరుకు, నీ పేరుకు పోలికే ఉండదు. ఆవిడ నీకేమవుతుందో ఆ కాగితం చెప్పదు. మీ నాన్న పాత భారత పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లి పేరు ఉంటుంది. ఆ పేజీని కూడా స్కాన్ చేసి, నీ తండ్రి పేరున్న జనన ధ్రువపత్రంతో కలిపి పెట్టు. బంధం రెండు కాగితాల్లో తేలిపోతుంది.

సెలవు పెట్టి మీ నాన్న జీతం పోగొట్టుకున్న సంగతి ఈ ఉత్తరంలో కలపకు. ఎయిడ్ కోసం నింపే ఫాఫ్సా దరఖాస్తు రెండేళ్ల కిందటి ఆదాయాన్ని చూస్తుంది కాబట్టి, ఆదాయం తగ్గితే సవరించమని అడగడానికి అదే ఆఫీసులో వేరే దరఖాస్తు ఉంటుంది. అదీ పెట్టండి, కానీ విడిగా.

నిర్ణయం వచ్చేలోగా ఫీజు బిల్లు గడువు ముందే వస్తే, ఫీజుల ఆఫీసుకు వెళ్లి అప్పీల్ నడుస్తోందని చెప్పి వాయిదాల పద్ధతి అడుగు. కట్టలేదని క్లాసుల నుంచి పేరు తీసేస్తే మన లెక్కంతా తారుమారవుతుంది. అప్పీల్ ఒప్పుకుంటే నిన్ను ఒక సెమిస్టర్ ప్రొబేషన్‌లో పెడతారు, అంటే ఎయిడ్ ఇస్తూ నీ చదువు ఎలా సాగుతోందో చూస్తారు, లేదా ఒక ప్రణాళిక రాసి దాని ప్రకారం నడవమంటారు. ఆ షరతులు అక్షరం అక్షరం చదివి దగ్గర పెట్టుకో. క్లాసు ఏదైనా మానేయాలనిపిస్తే ముందు ఎయిడ్ ఆఫీసును అడుగు, తర్వాతే ఏదైనా.

ఒప్పుకోకపోతే? కాలేజీ మాటే చివరిది, ఫెడరల్ విద్యాశాఖ దాన్ని తిరిగి విచారించదు. అయితే కొత్త ఆధారాలతో మరోసారి చూస్తారేమో అదే ఆఫీసును అడగవచ్చు. లేదంటే ఎయిడ్ లేకుండా మూడు క్లాసులు సొంత డబ్బుతో పూర్తి చేసి శాతాన్ని పైకి తెచ్చుకుంటే అర్హత తిరిగి వస్తుంది. అప్పటికి నేనూ మీ మామయ్యా ఉన్నాం. ఎక్కువ వడ్డీ ప్రైవేటు లోను మాత్రం నాతో మాట్లాడకుండా తీసుకోవద్దు.

అమ్మ మరణ ధ్రువపత్రం నకళ్లు నా దగ్గర రెండున్నాయి. తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్నాయి కాబట్టి అనువాదం అక్కర్లేదు. రేపు పొద్దున్నే స్కాన్ చేసి పంపుతాను. నువ్వు ఆదివారం సాయంత్రానికి ఉత్తరం మొదటి ప్రతి రాసి పంపు, ఎంత గజిబిజిగా ఉన్నా సరే. నాయనమ్మ గురించి రాసే ఆ రెండు వాక్యాల దగ్గర ఆగిపోతే అక్కడ ఖాళీ వదిలెయ్యి. ఫోన్ చేస్తాను, ఇద్దరం కలిసి రాద్దాం.

నీ అత్త