పైన్ మొక్కలా, డేటా సైన్సా?

ములుగు అటవీ కళాశాలలో బీఎస్సీ ఫారెస్ట్రీ పూర్తిచేసిన మీ అమ్మాయికి, కలుపు మందుల వల్ల లేత పైన్ మొక్కల ఎదుగుదల ఎలా మారుతుందన్న అంశంపై అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఎంఎస్ చేసే అవకాశం వచ్చిందని, దాన్ని మాన్పించి డేటా సైన్స్‌లో చేర్పించడం మంచిదా అని అడిగారు. మీరు పోలిక కోరారు గానీ, గడ్డిమందు కొట్టడానికి అంత దూరం పంపారా అని బంధువులు అంటారేమోనన్న బెంగే మీ ఉత్తరం నిండా ఉంది.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో లాబ్లాలీ పైన్ అనే రకాన్ని కలప కోసం, కాగితం కోసం కోట్ల ఎకరాల్లో పంటలాగే సాగుచేస్తారు. నాటిన తొలి ఏడాది గడ్డి, తరువాత స్వీట్‌గమ్ వంటి వెడల్పాకు చెట్లు నీటినీ వెలుతురునూ లాగేసుకుంటాయి కనుక, కలుపును అణిచిన చోట పైన్ త్వరగా ఎదుగుతుంది. అయితే కలుపును చంపే మందే పైన్ మొక్కనూ దెబ్బతీయవచ్చు. ఇమాజాపిర్ అనే కలుపు మందును పైన్ చాలావరకు తట్టుకుంటుంది గానీ, చిగురు సాగే రోజుల్లో మోతాదు మించితే గిడసబారిపోతుంది. హెక్సాజినోన్ అనే మరో మందు ఇసుక నేలల్లో సులువుగా వేళ్ల దాకా దిగి మొక్కనే చంపగలదు. గ్లైఫోసేట్‌ను వేసవి చివర కొన మొగ్గ గట్టిపడ్డాకే మొక్కల మీదుగా చల్లాలి. ఏ నేలలో ఏ మందు ఎప్పుడు ఎంత వాడాలో తేల్చడానికి, మందు కొట్టిన మడులనూ కొట్టని మడులనూ పక్కపక్కనే ఉంచి, ప్రతి మొక్క ఎత్తునూ మొదలు దగ్గరి మందాన్నీ ఏళ్ల తరబడి కొలుస్తారు. ఆ కొలతలను విశ్లేషించడానికి కావలసిన గణాంక శాస్త్రమంతా మీ అమ్మాయి అక్కడ నేర్చుకుంటుంది.

డేటా సైన్స్ చెడ్డదని నేను అనను. గణితంపై ఆసక్తి లేకుండా, తెలిసినవాళ్ల అబ్బాయి చేరాడన్న ఒక్క కారణంతో ఇల్లు తాకట్టు పెట్టి చేరినవారు, వాయిదాలు మొదలయ్యాక నాకు రాసే ఉత్తరాలు మాత్రం చాలా బాధ కలిగిస్తాయి. పరిశోధనతో కూడిన ఫారెస్ట్రీ ఎంఎస్‌లో ప్రొఫెసర్ ప్రాజెక్టు నుంచి స్టైపెండ్, ఫీజు మినహాయింపు దొరకడం పరిపాటి. ఇంత పెద్ద ఉత్తరంలో అమ్మాయికి ఏది ఇష్టమో మీరు ఒక్క మాటైనా రాయలేదు. నన్ను అడిగే ముందు ఆమెను అడగవలసింది.

అమెరికా ప్రభుత్వ అటవీ ఉద్యోగాలు దాదాపుగా అక్కడి పౌరులకే దక్కుతాయన్నది నిజమే. అయినా దిగులు పడకండి. తిరిగి వచ్చినా, కలుపు యాజమాన్యం తెలిసినవారి అవసరం పురుగుమందుల కంపెనీల పరిశోధన విభాగాలకూ, రైతుల చేత జామాయిల్, సుబాబుల్ పెంచించే కాగితపు మిల్లులకూ ఉంటుంది.

స్టైపెండ్ ఎన్ని సెమిస్టర్లు ఇస్తారో, వేసవి నెలలకు కూడా వర్తిస్తుందో లేదో, మందు చల్లే పనికి శిక్షణ, రక్షణ దుస్తులు ఎవరు సమకూరుస్తారో అడుగుతూ ఆమె చేతనే ప్రొఫెసర్‌కు ఈ వారంలో రాయించండి. వీటికి లిఖితపూర్వకంగా జవాబు వచ్చాకే సీటు ఖాయం చేసుకోండి.