సంఘంలో ఒక్కరే నాయకురాలైతే ఏం చేయాలి?

మీ మండల కేంద్రంలో ఏళ్ల తరబడి ఒకరే పొదుపు సంఘం అధ్యక్షురాలిగా ఉన్నారని, మిగిలినవారు నోరు విప్పరని, కూలికి వెళ్లే కుటుంబాలు అసలు సంఘంలోనే లేవని రాశారు. ముందు ఒక మాట: ఆమెను దించే ప్రయత్నంతో మొదలుపెట్టకండి. బ్యాంకు పని ఆమెకొక్కరికే తెలుసు. ఆమె అలిగితే సంఘమే ఆగిపోతుంది.

పుస్తకాల దగ్గర మొదలుపెట్టండి. ప్రతి సమావేశంలో పొదుపు, అప్పు, వాయిదాల లెక్క అందరికీ వినపడేలా చదివించండి, ప్రతిసారీ వేరే సభ్యురాలితో. చదువు రానివారి వంతు వస్తే బడికి వెళ్లే కూతురు చదివిపెట్టవచ్చు. బ్యాంకుకు వెళ్లేటప్పుడు అధ్యక్షురాలి వెంట ఒక కొత్త మనిషి తప్పక ఉండాలి. మేనేజరుతో స్వయంగా మాట్లాడినవారు నలుగురైదుగురు తయారయ్యాక, వంతులవారీ నాయకత్వం కోసం సమావేశంలో తీర్మానం పెట్టండి. పాత అధ్యక్షురాలిని, ఇలాంటి సంఘాలన్నీ కలిసే పై సమాఖ్యకు ప్రతినిధిగా పంపితే ఆమె గౌరవమూ నిలుస్తుంది, అనుభవమూ అక్కరకొస్తుంది.

కూలి కుటుంబాల విషయమే నాకు అన్నిటికంటే ముఖ్యం. మధ్యాహ్నం సమావేశం పెడితే వాళ్లు ఎలా వస్తారు? పని ముగిశాక, రాత్రి, వాళ్ల వాడలోనే పెట్టండి. పొదుపు మొత్తం వాళ్లు కట్టగలిగినంతే ఉండాలి. 1990లలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా మహిళలు రోజుకు ఒక్క రూపాయి చొప్పునే దాచారు. కూలి కుటుంబాలవాళ్లు చేరాక తొలి అప్పుల్లో ఒకటి వాళ్లలో ఒకరికి ఇప్పించండి. మిగతా ఇళ్లవాళ్లు దాన్ని చూసే నమ్ముతారు.