ఎయిర్‌లైన్ వ్యాపారం చదవబోయే నీకు: ముందు ఒక్క ఫ్లైట్ లెక్క వేయి

అమ్మలూ,

ఎయిర్‌లైన్ మేనేజ్‌మెంట్ కోర్సు తీసుకున్నావని తెలిసి చాలా సంతోషంగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి మామయ్యా అని అడిగావు కదా. స్ట్రాటజీ క్లాసులో మొదటి వారాల్లోనే స్వాట్ (కంపెనీ బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు రాసుకునే పద్ధతి) లాంటి చట్రాలు చెబుతారు, అవీ నేర్చుకో, కానీ అంతకంటే ముందు ఒక కాగితం తీసుకుని ఒకే ఒక్క ఫ్లైట్ లెక్క చేత్తో వేయి. అది వంటబట్టకపోతే ఆ తర్వాత ఎన్ని పెద్ద మాటలు మాట్లాడినా గాల్లో మేడలే.

180 సీట్ల విమానం 1000 కిలోమీటర్లు వెళ్తోందనుకో. సీట్లను దూరంతో గుణిస్తే 1,80,000 సీటు కిలోమీటర్లు, దీన్నే ఏఎస్‌కే అంటారు, అంటే నువ్వు అమ్మకానికి పెట్టిన సరుకు. ఒక్కో సీటు కిలోమీటరుకు ఖర్చు 4 రూపాయలు అనుకుంటే మొత్తం ఖర్చు 7,20,000. అందులో 150 మంది ఎక్కారు, ఒక్కొక్కరు సగటున 5,000 ఇచ్చారు, వచ్చింది 7,50,000. లాభం 30,000. అంటే ఆరుగురి టికెట్ డబ్బు! 144 మంది దాకా ఎక్కిన వాళ్లంతా ఖర్చులకే సరిపోయారు, మిగిలిందల్లా చివరి ఆరుగురి దగ్గరే. ఈ వ్యాపారంలో లాభం ఎంత పల్చగా ఉంటుందో ఇంతకంటే బాగా ఏ పాఠమూ చెప్పలేదు.

ఇప్పుడు అదే ఫ్లైట్‌లో టికెట్ 10 శాతం తగ్గించు, 160 మంది ఎక్కారనుకో. విమానం ఇంకా నిండుగా కనిపిస్తుంది, లోడ్ ఫ్యాక్టర్, అంటే నిండిన సీట్ల శాతం, 83 నుంచి దాదాపు 89 శాతానికి పెరిగింది, కానీ 160ని 4,500తో గుణించి చూడు, సరిగ్గా 7,20,000. లాభం సున్నా. అందుకే ఎవరైనా లోడ్ ఫ్యాక్టర్ ఒక్కటే చూపించి కంపెనీ బాగా నడుస్తోందంటే వెంటనే యీల్డ్ ఎంత అని అడుగు, అంటే ఒక ప్రయాణికుడి నుంచి కిలోమీటరుకు వచ్చే ఆదాయం. ఇంకో జాగ్రత్త, సీటు కిలోమీటరు ఖర్చును రెండు కంపెనీల మధ్య పోల్చేటప్పుడు సగటు దూరం చూడు, టేకాఫ్, ల్యాండింగ్, గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఖర్చులు దూరం పెరిగేకొద్దీ ఎక్కువ కిలోమీటర్ల మీద పరుచుకుంటాయి కాబట్టి, దూర ప్రయాణాల కంపెనీకి ఆ అంకె తక్కువగా వచ్చినంత మాత్రాన అది పొదుపుగా నడుస్తోందని కాదు.

ఈ లెక్క వచ్చాక స్ట్రాటజీ నీకు వేరేగా కనిపిస్తుంది. అమెరికాలో చవక టికెట్ల కంపెనీ సౌత్‌వెస్ట్ కథ ఎలాగూ చెబుతారు. 1972లో డబ్బు కొరతతో నాలుగు విమానాల్లో ఒకటి అమ్మేసి, మిగిలిన మూడింటితోనే పాత షెడ్యూల్ నడపడానికి పది నిమిషాల టర్న్‌అరౌండ్, అంటే దిగిన విమానాన్ని పది నిమిషాల్లో మళ్లీ బయల్దేరదీయడం, మొదలుపెట్టారు. విమానం నేల మీద తక్కువసేపు ఉంటే అదే విమానం, అదే అద్దె మీద రోజుకు ఎక్కువ సీటు కిలోమీటర్లు వస్తాయి. అది కుదరడానికి ఒకే రకం విమానం, తక్కువ దూరాలు, రద్దీ లేని ఎయిర్‌పోర్టులు, సీటు నంబర్లు లేని బోర్డింగ్ అన్నీ కలిసి పనిచేశాయి. ఇంకో అమెరికా కంపెనీ కాంటినెంటల్ 1993లో తన పెద్ద నెట్‌వర్క్‌ను అలాగే ఉంచుకుని పక్కన కాంటినెంటల్ లైట్ అని అలాంటి చవక సర్వీసు పెట్టి చూసింది, 1995లో మూసేసింది. ఒక ముక్క కాపీ కొడితే మిగతావి వెంట రావు. అసైన్‌మెంట్‌లో ఏ కంపెనీ గురించి రాసినా ఈ నిర్ణయం దేన్ని ఆనుకుని నిలబడింది అన్న ప్రశ్న వదలకు.

ధరల సబ్జెక్టు మాత్రం తప్పకుండా లోతుగా చదువు, నా ఉద్దేశంలో ఈ కోర్సులో అన్నిటికంటే అందమైన భాగం అదే. 1972లో బ్రిటన్ ఎయిర్‌లైన్ బీఓఏసీలో పనిచేసే లిటిల్‌వుడ్ ఒక చిన్న సూత్రం చెప్పాడు. ఇప్పుడే 3,000 ఇచ్చే మనిషి వచ్చాడు, చివరి నిమిషంలో 8,000 ఇచ్చేవాడు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చే అవకాశం 37.5 శాతం కంటే ఎక్కువైతే సీటు ఆపు, తక్కువైతే అమ్మేయ్. దీని మీదే ఒక శాస్త్రం పెరిగింది. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఈ తరహా పద్ధతితోనే, కొన్ని సీట్లు మాత్రమే బాగా చవగ్గా అమ్మి, మిగతావి ఖరీదుగా ఉంచి పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చవక టికెట్ల కంపెనీ మీద పోటీకి దిగింది. పీపుల్ ఎక్స్‌ప్రెస్ ఖర్చు తక్కువే, కానీ దాని దగ్గర అలాంటి వ్యవస్థ లేదు, 1987కల్లా ఆ పేరే కనుమరుగైంది. కాబట్టి ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్ పడి తప్పించుకోకు, ఆ క్లాసులు ముందే తీసుకో.

చట్టాల క్లాసు బోరు అని సీనియర్లు అంటారు, వినకు. అంతర్జాతీయ విమానం ఎక్కడికి ఎగరాలన్నది 1944 చికాగో సదస్సు నాటి నుంచీ దేశాల మధ్య ఒప్పందాల మీద నడుస్తోంది. అమెరికాలో ఎయిర్‌లైన్ ఓటింగ్ వాటాలో విదేశీయులకు 25 శాతం మించి ఉండకూడదు. వేరే దేశం కంపెనీని కొనెయ్యడం కుదరదు కనుకే 1997లో స్టార్ అలయన్స్ లాంటి, వేర్వేరు దేశాల ఎయిర్‌లైన్లు చేతులు కలిపిన కూటములు పుట్టాయి. ఇది తెలియకపోతే అలయన్సులన్నీ మార్కెటింగ్ హంగామాలా కనిపిస్తాయి.

చివరగా ఒక పని. నీకు నచ్చిన ఒక కంపెనీ, మూతపడిన ఒక కంపెనీ తీసుకుని, ఐదేసి ఏళ్ల యాన్యువల్ రిపోర్టులు పక్కపక్కన పెట్టు. ముందుమాటలు తర్వాత, ముందు లెక్కల కింద ఇచ్చే నోట్స్ చదువు, లీజులు, ఇంధనం, అప్పు ఎంతెంతో అక్కడే ఉంటాయి. 2019 నుంచి ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ నియమం వల్ల లీజులు బ్యాలెన్స్ షీట్‌లోకి వచ్చాయి, అందుకని ఆ ఏడాది అప్పు ఒక్కసారిగా ఉబ్బినట్టు కనిపిస్తే కంగారుపడి కొత్త అప్పు చేశారని రాసేయకు. ఎక్సెల్‌లో సీటు కిలోమీటరు ఆదాయం, ఖర్చు రెండు గీతలుగా గీసి నాకు పంపు, ఏ ఏడాది ఎందుకు దగ్గరయ్యాయో ముందు నువ్వే రాయి, తర్వాత ఇద్దరం ఫోన్‌లో కూర్చుని చూద్దాం.

మీ మామయ్య